చేతి కంకణానికి అద్దం కావలసి వచ్చిన కేసు

ఫిజియోథెరపీ విభాగం నుంచి నాకు అందిన రెఫరల్ కాగితంలో ఉన్నది రెండే ముక్కలు: "రోగి తెలివిగానే మాట్లాడుతున్నారు. కానీ తనకేమీ కాలేదంటూ వ్యాయామానికి సహకరించడం లేదు." రోగి అరవై దాటిన మహిళ, కుడిచేతి వాటం మనిషి. ఉద్యోగ జీవితమంతా ఖాతాల తనిఖీలో గడిపి, ఇతరుల లెక్కల్లో తేడాలు పట్టుకోవడంలో దిట్ట అని పేరు తెచ్చుకుని పదవీ విరమణ చేశారు. మెదడు కుడి అర్ధభాగానికి రక్తం అందించే ప్రధాన ధమనుల్లో ఒకటి మూసుకుపోవడంతో స్ట్రోక్ వచ్చి, ఎడమ చెయ్యి పూర్తిగా, ఎడమ కాలు దాదాపు పూర్తిగా పడిపోయాయి. ఎడమ వైపు స్పర్శ కూడా బాగా తగ్గింది. ఆమెనూ ఆమె కుమారుడినీ అడిగి, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చి ఈ కేసును రాస్తున్నాను.

క్లినికల్ న్యూరోసైకాలజిస్టుగా, అంటే మెదడు దెబ్బ ఆలోచన మీద, ప్రవర్తన మీద చూపే ప్రభావాన్ని పరీక్షించే నిపుణుడిగా, నేను తేల్చవలసిన ప్రశ్న స్పష్టంగానే ఉంది. ఇది మొండితనమా, దిగులా, మతి స్థిమితం తప్పడమా, లేక మెదడు దెబ్బ వల్లే పుట్టిన మరేదైనా స్థితా? ఈ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే ఫిజియోథెరపిస్టు ఆమెతో ఎలా మాట్లాడాలో, ఇంట్లోవాళ్ళు ఎంతవరకు ఆమె మాట నమ్మాలో, మంచం పక్కన రాత్రిపూట మనిషి ఉండాలో వద్దో నిర్ణయమవుతుంది. తన కాళ్ళు రెండూ బాగున్నాయని నిజంగా నమ్మే రోగి ఏదో ఒక రాత్రి లేచి నడవబోయి పడిపోతారు. అందుచేత ఇది కేవలం తాత్త్విక ఆసక్తితో అడిగే ప్రశ్న కాదు.

పరీక్షలో కనబడినది

మొదట చూడవలసింది ఆమె బుద్ధి ఎలా ఉందన్నది. తేదీ, వారం, తానున్న చోటు, తనను చేర్చిన కారణం, అన్నీ తడుముకోకుండా చెప్పారు. "స్ట్రోక్ వచ్చిందన్నారు, అందుకే తీసుకొచ్చారు" అని తానే అన్నారు. నూరులోంచి ఏడు చొప్పున తీసివేస్తూ పొమ్మంటే నాకంటే వేగంగా వెళ్ళారు. సామెతలకు అర్థం చెప్పడం, రెండు వస్తువుల మధ్య పోలిక చూపడం, కథ విని తిరిగి చెప్పడం వంటి వాటిలో ఆమె వయసువారికి ఉండవలసిన స్థాయికి తక్కువేమీ లేదు. కాగితం మీద గీతలు చల్లి అన్నింటినీ కొట్టివేయమన్నప్పుడు మాత్రం ఎడమ అంచున ఉన్నవి చాలావరకు వదిలేశారు. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో తరచుగా కనబడే ఈ లోపాన్ని వైద్యులు నెగ్లెక్ట్ అంటారు. ఎడమ వైపు ప్రపంచం కంటికి ఆనుతున్నా ధ్యాసకు అందని స్థితి అది.

ఇక పక్షవాతం గురించిన ఎరుకను కొలవడానికి ఇటలీకి చెందిన ఎడోఆర్డో బిసియాక్, ఆయన సహచరులు 1986లో ప్రతిపాదించిన సున్నా నుంచి మూడు వరకు ఉండే కొలమానాన్ని వాడాను. ఆరోగ్యం ఎలా ఉందని సాధారణంగా అడిగినప్పుడే రోగి తన పక్షవాతాన్ని చెబితే సున్నా. చేతుల బలం గురించి ప్రత్యేకంగా అడిగితేనే చెబితే ఒకటి. పరీక్ష చేసి చూపించాక ఒప్పుకుంటే రెండు. చూపించినా ఒప్పుకోకపోతే మూడు. ఆమె ఎక్కడ నిలుస్తారో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"మీ ఎడమ చేత్తో నా ముక్కు ముట్టుకోండి అమ్మా" అన్నాను. చెయ్యి దుప్పటి మీద పెట్టినది పెట్టినట్టే ఉంది. "ముట్టుకున్నారా?" అని అడిగితే, "ముట్టుకున్నాను కదా" అన్నారు, అంత తేలిక పనికి మళ్ళీ ప్రశ్న ఎందుకన్నట్టు. చప్పట్లు కొట్టమంటే కుడి చెయ్యి ఛాతీ మధ్యదాకా వచ్చి గాలిలోనే ఊగి ఆగింది. చప్పుడు రాలేదే అన్నప్పుడు, "నేనెప్పుడూ గట్టిగా కొట్టే మనిషిని కాను" అని జవాబు. తర్వాత సగం వరకు నీళ్ళు పోసిన ప్లాస్టిక్ కప్పులు కొన్నింటిని ట్రేలో పేర్చి, దాన్ని ఎత్తమన్నాను. ఒక చెయ్యి పనిచేయదని ఎరిగినవారు సాధారణంగా ట్రే మధ్యభాగం కింద అరచెయ్యి పెట్టి ఎత్తడానికి చూస్తారు. ఆమె కుడి అంచునే పట్టుకుని, రెండో అంచును రెండో చెయ్యి చూసుకుంటుందన్న ధీమాతో ఎత్తారు. కప్పులు ఎడమ వైపుకు జారి నీళ్ళన్నీ ఒళ్ళో పడ్డాయి. చీర తడిసిపోయిన ఆ క్షణంలో కూడా ఆమె మొదట అన్నమాట, "బరువంతా ఒక పక్కకే పేర్చారు, ఎలా నిలుస్తుంది?"

ట్రే పరీక్ష ముఖ్యమైనదని నా అభిప్రాయం. మాటలతో అడిగినప్పుడు రోగి పరువు కోసమో భయంతోనో అబద్ధం చెబుతున్నారన్న అనుమానానికి తావుంటుంది. కానీ నీళ్ళు ఒలుకుతాయని తెలిసిన మనిషి, ఎదుటివారిని నమ్మించడానికే అయినా, తన ఒళ్ళో ఒలకబోసుకునేలా ట్రేను పట్టుకోరు. ఆమె చెయ్యి పనిచేస్తోందని ఆమె నోరే కాదు, శరీరం కూడా నమ్ముతోంది.

మరో పక్క, నడవగలనని గట్టిగా చెప్పే ఆ మనిషి, చేరిన నాటినుంచీ ఒక్కసారి కూడా మంచం దిగుతానని పట్టుబట్టలేదు. ఎందుకని అడిగితే "ఇప్పుడు అవసరమేముంది" అనేవారు. ఎక్కడో ఏదో తెలుసుననీ, ఆ తెలిసినది మాటగా మారేంత దూరం రావడం లేదనీ అనుకోవడానికి ఇలాంటి ప్రవర్తనే ఆధారం. ఇది రోగులందరిలోనూ ఉండదు. ఉన్నా దాని మీద భరోసా పెట్టుకోకూడదు కాబట్టి రాత్రిపూట మంచం పక్కన మనిషి ఉండేలా ఆ రోజే ఏర్పాటు చేయించాను.

తర్కం ఎక్కడ ఆగింది

ఆమె కుమారుడు చదువుకున్నవాడు, ఓపికమంతుడు. ప్రతి సాయంత్రం వచ్చి, తల్లి ముందు కూర్చుని, ఆమె చేత సత్యాన్ని ఒప్పించడానికి ప్రయత్నించేవాడు. ఒకరోజు అతను ఆమె ఎడమ చేతిని పైకెత్తి వదిలాడు. అది దబ్బున దిండు మీద పడింది. "చూశావా అమ్మా?" అంటే, "నువ్వు వదిలేస్తే పడదా మరి? ఏరా, నీ చెయ్యి ఎత్తి వదిలితే నిలబడుతుందా?" అని ఎదురడిగింది. అతని దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్న న్యాయమైనదే. నొప్పిగా ఉందని ఒకసారి, సూది పొడిచిన చెయ్యి కదపొద్దన్నారని ఒకసారి, పొద్దుటినుంచీ పరీక్షలతో విసిగిపోయానని ఒకసారి, ఇలా ఆమె ఇచ్చిన కారణాల్లో ఏ ఒక్కటీ దానంతట అది అసంబద్ధం కాదు. వేరే సందర్భంలో వేరే మనిషి చెబితే మనం వెంటనే ఒప్పుకునేవే. అన్నీ కలిపి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఖాతాల్లో అలాంటి తేడాలు పట్టడమే వృత్తిగా బతికిన మనిషి ఈ ఒక్క ఖాతాలో మాత్రం పట్టలేకపోయారు.

అందుకని ఒక ప్రశ్నను వేరే మనిషి గురించినట్టుగా మార్చి అడిగాను. ఒకరికి మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వచ్చింది, ఎడమ చెయ్యి ఎత్తమంటే ఎత్తడం లేదు, కానీ ఎత్తానంటున్నారు, చుట్టూ ఉన్నవారందరూ ఎత్తలేదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "అందరూ అదే చెబుతున్నప్పుడు వాళ్ళ మాటే నమ్మాలి. పాపం, ఆ మనిషికి మెదడులో దెబ్బ వల్ల తెలియడం లేదు." సరే, మీకూ కుడి వైపే స్ట్రోక్ వచ్చింది కదా, మీ ఎడమ చేతి గురించీ అందరూ అదే అంటున్నారు కదా అన్నాను. ఆమె నా వంక జాలిగా చూసి, "ఆయనకు చెయ్యి కదలడం లేదు కదండీ. నాకు కదులుతోందిగా" అన్నారు.

మన న్యాయశాస్త్రంలో అనుమానానికి, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని తర్కంతో తేల్చడానికి, ఐదు అవయవాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉంది కాబట్టి, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది వంటింట్లోలాగా, ఈ కొండా అలాంటిదే, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు నాలుగోదైన ఉపనయం ఎందుకు ప్రత్యేకంగా చెప్పాలో నాకు అర్థమయ్యేది కాదు. సాధారణ సూత్రం ఒప్పుకున్నాక, "ఇదీ అలాంటిదే" అనడం దానంతట అదే జరిగిపోతుందనిపించేది. ఈ రోగి దగ్గర విరిగిపోయింది సరిగ్గా ఆ మెట్టే. సూత్రం ఆమెకు తెలుసు, ఉదాహరణను తప్పు లేకుండా విడమరిచారు, ముగింపు ఎలా రావాలో కూడా ఎరుగుదురు. "నేనూ అలాంటిదాన్నే" అన్న ఒక్క వాక్యం మాత్రం ఆమెకు అందలేదు. అది అందకపోతే మిగిలిన తర్కమంతా ఎంత పదునుగా ఉన్నా దాని పని పరాయివాళ్ళ కొండల మీదే.

హేతువు శక్తి ఎంత, పరిమితి ఎంత అని అడిగేవారికి ఈ కేసులో నేను చూపగలిగేది ఇదే. హేతువు తనకు అందిన సమాచారం మీద పనిచేస్తుంది. అందవలసిన సమాచారం అందలేదన్న సంగతి కూడా ఒక సమాచారమే, అదీ ఎవరో ఒకరు అందించాలి. లోటు ఉన్నచోట లోటు ఉన్నట్టు ఏమీ అనిపించదు. అనిపించనప్పుడు వెదకవలసిన అవసరమూ కనబడదు. పైగా తెలివి ఎక్కువైన కొద్దీ ఎదురయ్యే ప్రతి ఆధారానికీ నమ్మదగిన సంజాయిషీ మరింత సులభంగా దొరుకుతుంది. నా అనుభవంలో ఇలాంటి స్థితిలో వాదించి గెలవడం కష్టమైన రోగులు చదువుకున్నవారే.

మనసు దాచుకోవడమేనా

ఈ స్థితికి అనోసోగ్నోసియా అన్న పేరు పెట్టినది ఫ్రెంచి న్యూరాలజిస్టు జోసెఫ్ బాబిన్‌స్కీ, 1914లో. అంతకు ముందే, 1899లో, గాబ్రియేల్ ఆంటన్ తమ అంధత్వాన్ని తామెరుగని రోగులను వర్ణించాడు. దెబ్బతిన్నది కళ్ళు కాదు, మెదడులో చూపుకు సంబంధించిన భాగం. ఆ రోగులు గదిలో ఉన్న వస్తువులను కల్పించి వర్ణించేవారు. ఆ తర్వాత చాలాకాలం వైద్యుల్లో ఒక వర్గం దీన్ని మనసు చేసుకునే ఆత్మరక్షణగా భావించింది. భరించలేని నిజాన్ని మనసు కప్పిపుచ్చుతుందన్నది వారి వాదం. కుటుంబ సభ్యులు ఇప్పటికీ మొదట అనుకునేది ఇదే.

దీనికి ఎదురయ్యే చిక్కులు బలమైనవి. భరించలేని నిజమే కారణమైతే కుడి చెయ్యి పడిపోయినవారిలోనూ ఇది అంతే తరచుగా కనబడాలి. నిజానికి ఎడమ పక్షవాతంలో, అంటే కుడి మెదడు దెబ్బలో, ఎక్కువగా కనబడుతుంది. ఎడమ మెదడు దెబ్బలో మాట కూడా పోతుంది కాబట్టి లెక్క సరిగా తేలకపోవచ్చునన్న అభ్యంతరం సహేతుకమే. అయితే మూర్ఛవ్యాధి శస్త్రచికిత్సకు ముందు మెదడు ఒక సగాన్ని కొద్ది నిమిషాలు మందుతో నిద్రపుచ్చి చేసే వాడా పరీక్ష దీనికి కొంత జవాబు ఇచ్చింది. కుడి సగాన్ని నిద్రపుచ్చినప్పుడు ఎడమ చెయ్యి పడిపోతుంది. మందు దిగిపోయాక అడిగితే చాలామంది తమ చెయ్యి అసలు పడిపోలేదనే చెప్పారు. ఆ పక్షవాతం నిమిషాల్లో పోతుందని వారికి ముందే తెలుసు, దాచుకోవలసిన దుఃఖం ఏదీ లేదు. ఇంకొకటి, ఎడమ చెవిలో చల్లని నీరు పోసి లోపలి చెవిలోని సమతౌల్య యంత్రాంగాన్ని ప్రేరేపిస్తే కొందరు రోగులు కాసేపు తమ పక్షవాతాన్ని ఒప్పుకుని, ఆ ప్రభావం తగ్గాక మళ్ళీ కాదన్నారని 1987 నుంచి నివేదికలున్నాయి. చన్నీళ్ళకు లొంగే ఆత్మవంచనను ఊహించడం నాకైతే కష్టం.

ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ కదలికను మెదడు ఎలా తెలుసుకుంటుందన్న దానితో ముడిపడి ఉంది. చెయ్యి ఎత్తాలని మెదడు ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ఎత్తితే ఎలా ఉండాలో ఒక ముందస్తు అంచనాను కూడా తయారుచేసుకుంటుంది. కండరాల నుంచీ కంటి నుంచీ వచ్చే వార్తను ఆ అంచనాతో పోల్చి, తేడా ఉంటేనే మన ధ్యాసకు తెస్తుంది. ఆజ్ఞ, అంచనా యథావిధిగా తయారవుతూ, పోల్చి చూసే ఏర్పాటు మాత్రం దెబ్బతింటే, మనిషికి చేరేది అంచనా ఒక్కటే: ఎత్తాను. 2005లో అన్నా బెర్టీ బృందం కదలికలను సిద్ధం చేసే ప్రీమోటర్ ప్రాంతాలను, అదే ఏడాది హాన్స్‌ఒట్టో కార్నాట్ బృందం మెదడు పక్క మడతలో లోపలగా ఉండే ఇన్సులా అనే భాగంలో కుడి వైపుదాని వెనుక భాగాన్ని దీనికి ముఖ్యమైన స్థానాలుగా చూపాయి. మా రోగి ఎమ్మారైలో ఇన్సులాతో పాటు దాని చుట్టుపక్కల విశాలమైన భాగమే దెబ్బతిని ఉంది కాబట్టి ఈ రెంటిలో ఏది సరైనదో ఈ కేసు తేల్చలేదు.

రోగం లేనివారు దీన్ని విని తమకు సంబంధం లేదనుకోకూడదు. దృష్టినాడి బయటికి వెళ్ళే చోట ప్రతి కంటిలోనూ చూపు లేని మచ్చ ఒకటి ఉంది. దాని వెడల్పు ఆకాశంలో పూర్ణచంద్రుడు ఆక్రమించే వెడల్పుకు దాదాపు పదింతలు. అందరి కళ్ళలోనూ ఎప్పుడూ ఉన్న ఈ లోటును 1660లలో ఎడ్మె మారియట్ కంటి నిర్మాణం చూసి, అక్కడ చూపు ఎలా ఉంటుందో పరీక్షించాలని పూనుకున్నాకే లోకానికి తెలిసింది. 2005లో పీటర్ యోహాన్సన్, లార్స్ హాల్ బృందం ఆరోగ్యవంతులకు రెండేసి ముఖాల ఫోటోలు చూపి నచ్చినది ఎంచుకోమని, గుట్టుగా ఫోటో మార్చి, ఎందుకు నచ్చిందో చెప్పమన్నారు. ఎక్కువసార్లు మార్పును ఎవరూ గమనించకపోవడమే కాక, కొందరు తాము ఎంచుకోని ముఖంలో ఉన్న విశేషాలనే కారణాలుగా చెప్పారు. ట్రే బరువు ఒక పక్కకే పేర్చారన్న మా రోగి సంజాయిషీకీ ఆ కారణాలకూ జాతిభేదమేమీ నాకు కనబడదు.

వాదన మానేశాక

మేము మొదట చేసినది ఒప్పించడం ఆపడం. కుమారుడితో విడిగా మాట్లాడి, సాయంత్రాలు ఆ విషయమే ఎత్తవద్దని కోరాను. ఫిజియోథెరపిస్టు "మీ పడిపోయిన చేతికి వ్యాయామం" అనడం మానేసి "స్ట్రోక్ తర్వాత అందరికీ చేయించే వ్యాయామం" అన్నారు. ఆమె అందరితో పాటు చేయడానికి అభ్యంతరం చెప్పలేదు. చన్నీళ్ళ పద్ధతిని మేము ప్రయత్నించలేదు. కళ్ళు తిరగడం, వాంతులు తెప్పించే ఆ ప్రక్రియ ఇచ్చే ఫలితం కాసేపే ఉంటుంది, ఆ కాసేపటి ఎరుకతో ఆమెకు ఒరిగేది తక్కువ.

2009లో కాటెరినా ఫోటోపౌలూ, ఆమె సహచరులు ప్రచురించిన ఒక కేసులో, రోగికి తన పరీక్షను తీసిన వీడియో చూపించగానే ఎరుక తిరిగి వచ్చి నిలిచిపోయింది. కళ్ళు దించి తన చేతిని చూసుకున్నప్పుడు అందని నిజం, తనను బయటినుంచి చూసుకున్నప్పుడు అందింది. చేతి కంకణానికి అద్దమెందుకని మనం అంటాం. ఈ రోగులకు అవసరమైనది ఆ అద్దమే.

ఆమె అనుమతి తీసుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఎత్తమని చెబుతూ ఎదురుగా నిలబడి ఫోనుతో చిన్న వీడియో తీశాము. రెండూ ఎత్తానన్నారు. కాసేపాగి, ఆమె కుడి చేతి వైపు ఫోను పట్టుకుని, ఎడమ అంచు ధ్యాసలోంచి జారిపోకుండా జాగ్రత్తపడుతూ వీడియో చూపించాను. ఏ వ్యాఖ్యా చేయలేదు, కుమారుణ్ణి కూడా చేయవద్దన్నాను. మొదటిసారి చూసి, "చీర సరిగా కట్టలేదు నాకు" అన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి మధ్యలో ఆపించి, "ఎడమది లేవలేదేం?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా ఆమె ఏమనుకుంటున్నారో అడిగాను. "లేవలేదు. ఎత్తమన్నారు, నేను ఎత్తానంటున్నాను, అది లేవలేదు." తర్వాత తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని ఎత్తి, వదిలి చూసుకున్నారు. కుమారుడు చేసిన అదే పని, ఈసారి ఆమె చేసుకున్నారు, "నువ్వు వదిలేస్తే పడదా" అన్న వాదన మళ్ళీ రాలేదు.

వాదనలో కొత్త అంశమేమీ చేరలేదన్నది ఇక్కడ గమనించాలి. వీడియోలో ఉన్నది ఆమెకు అప్పటికే ఎన్నోసార్లు చెప్పినదే. మారినది స్థానం. వీడియోలోని మనిషి గురించి తీర్పు చెప్పడానికి ఆమెకు లోపలి అంచనా అడ్డురాలేదు, ఇతరుల విషయంలో చక్కగా పనిచేసే ఆ తనిఖీ బుద్ధి ఆ మనిషి మీదా పనిచేసింది. ఆ మనిషి తానే కావడంతో ఉపనయం పూర్తయింది. ఇది ఒక్క కేసు గురించిన నా వివరణ. ఈ స్థితి తొలి వారాల్లో చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది కాబట్టి, వీడియో లేకపోయినా కొద్దిరోజుల్లో ఆమెకు తెలిసి ఉండేదేమోనన్న అవకాశాన్ని నేను తోసిపుచ్చలేను. అయితే మార్పు వీడియో చూస్తుండగా నా కళ్ళెదుటే జరిగింది, నెమ్మదిగా రాలేదు.

ఫలితం సంపూర్ణం కాదు. చెయ్యి పడిపోయిందని ఒప్పుకున్న ఆ రోజే కాలి గురించి అడిగితే, "కాలికేం, నడుస్తాను" అన్నారు. చేతి గురించి తెలిసిన సంగతి కాలికి పాకలేదు. కాలికి వేరే వీడియో, ఆ తర్వాత కడ్డీల మధ్య నిలబెట్టే అభ్యాసం అవసరమయ్యాయి. ఎరుక వచ్చాక దిగులు కూడా వచ్చింది. కొన్నాళ్ళు తిండి తగ్గించారు, ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఈ పద్ధతిని వాడదలచినవారు దీనికి ముందే సిద్ధపడాలి. వీడియో చూపించి మరో పనికి వెళ్ళిపోవడం తగదు. మేము కుమారుణ్ణి ఆ సాయంత్రం అక్కడే ఉండమన్నాము, మనోవైద్యులకు ముందుగానే కబురు పెట్టాము.

డిశ్చార్జి నాటికి

ఇంటికి వెళ్ళే నాటికి ఆమె బిసియాక్ కొలమానంలో చేతికి సున్నాలోనూ, కాలికి ఒకటిలోనూ ఉన్నారు. ఎడమ చెయ్యి పెద్దగా కోలుకోలేదు, కాలు ఆసరాతో నిలబడేంత మెరుగుపడింది. నెగ్లెక్ట్ తగ్గినా పోలేదు కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఇంటివారికి కొన్ని మాటలు రాశాను. "చేయగలవా?" అని అడగవద్దు, చేసి చూపమని అడగాలి. వేడి వస్తువులు, పదునైన వస్తువులు ఎడమ పక్కన పెట్టకూడదు. బాగా అలసిన వేళల్లో తనకేమీ కాలేదన్న మాట మళ్ళీ వినబడవచ్చు, అప్పుడు వాదించకుండా పక్కన మనిషి ఉండాలి.

తర్వాతి సందర్శనలో ఆమె తొలిరోజుల గురించి మాట్లాడాము. చెయ్యి పడిపోయిందని తనకు మొదటినుంచీ తెలుసునని ఆమె స్థిరంగా చెప్పారు. మరి ముక్కు ముట్టుకున్నానని ఎందుకన్నారని అడిగితే, "అలా అనలేదే. అన్నా మిమ్మల్ని నిరుత్సాహపరచడం ఇష్టం లేక అని ఉంటాను" అన్నారు. సంజాయిషీ ఎప్పటిలాగే మర్యాదగా, నమ్మదగినట్టుగా ఉంది. తొలి పరీక్షల రికార్డింగు నా దగ్గర ఉంది, చూపిస్తే ఈ రెండో విషయం కూడా ఆమెకు అందేదేమో. కుమారుడు కూడా చూపించమనే అడిగాడు. ఆమె భద్రతకు గానీ చికిత్సకు గానీ ఆ సంగతి ఇప్పుడు అవసరం లేదు కనుక వద్దన్నాను, ఆ రోజు మిగిలిన సమయమంతా చక్రాల కుర్చీ నుంచి మంచం మీదికి మారే అభ్యాసానికి కేటాయించాము.